ప్రాథమికహక్కులు – అవి కులమునకా, వ్యక్తికా?



ఏటేట మన మహాసభ వెలువరించు సంచికలలో కులచరిత్రమును, పూర్వులలో ప్రసిద్ధుల జీవితములును, పోషకుల దానధర్మములును ప్రకటించుట ఆచారము. ఆ యాచారము మంచిదే. తన పూర్వుల నెఱుగని సంఘము తన ముందుదారిని గుర్తింపజాలదు. కాని యీ యేడు మేము మఱొక చరిత్రమును మీ యెదుట నుంచ దలచితిమి. అది 1950 జనవరి 26వ తేది మొదలు ఈ దేశమున బుట్టిన ప్రతి మనుష్యునకును వారసత్వముగా సంక్రమించుచున్న ప్రాథమికహక్కుల చరిత్రము. ఆ వారసత్వమునకు దస్తావేజు మన రాజ్యాంగము. పొలముల దస్తావేజులను పెట్టెలలో భద్రముగ దాచుకొన్న మనము ఈ దస్తావేజును తెఱచి చదివినది మిక్కిలి తక్కువ.

మేము మూడు దశాబ్దములకు పైగా ఉపాధ్యాయవృత్తిలో నుంటిమి. మన బడిపిల్లలు రాజ్యాంగపీఠికను తడబడక యప్పజెప్పగలరు. కాని “ఈ హక్కు లెవరివి?” యని యడిగినచో “మావాళ్లకు ప్రభుత్వ మిచ్చినవి” యను సమాధానమే తఱచుగా వినవచ్చెడిది. పెద్దలలోను ఈ భావమే వ్యాపించియున్నది. హక్కు అనగానే సీటు, ఉద్యోగము, జాబితా, శాతము – ఇవియే స్ఫురించుచున్నవి. ఇది సగము సత్యము. తక్కిన సగము తెలియనిచో చేతనున్న సగమును నిలువదు. రాజ్యాంగము హక్కునకు ఆశ్రయముగా గైకొన్నది వ్యక్తిని. మనవంటి సంఘములకు గల హక్కు సైతము వ్యక్తుల హక్కునుండి పుట్టినదే. ఈ యొక్క మాటను చరిత్రాధారములతో నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

అధికారము, హక్కు

“హక్కు” అను పదము అరబ్బీలో బుట్టి, పారసీకము, ఉర్దూల మీదుగ మన భాషను జేరినది. దానికి దగ్గఱగా నుండు సంస్కృతపదము “అధికారము”. పూర్వమీమాంసలో జైమినిమహర్షి ఆఱవ యధ్యాయమంతయు ఈ యధికారవిచారమునకే కేటాయించెను. ఒక కర్మ చేయుటకు ఎవ రర్హులు అనునది అందలి ప్రశ్న. అచ్చట బాదరి యను నాచార్యుని మత మొకటి ప్రస్తావింపబడినది. ఫలమును గోరువారికెల్ల అధికారము గలదు, వర్ణభేదముతో బనిలేదు అని బాదరి యభిప్రాయము. శాస్త్రము దానిని పూర్వపక్షముగా నుంచి, త్రైవర్ణికులకే వైదికకర్మాధికారమని సిద్ధాంతము చేసెను. ఈ విధముగ అధికారము మనుష్యత్వమును బట్టి గాక జన్మమును బట్టి నిర్ణయింపబడెను. ధర్మశాస్త్రములలో ఒకే నేరమునకు వర్ణమును బట్టి వేర్వేఱు దండనములు విధింపబడుటకును మూలమిదియే.

గ్రామజీవనములోను ఇదే న్యాయము నడచెను. కరణీకము, మునసబీ మొదలగునవి మిరాసీలు. తండ్రి యుద్యోగము కుమారునిది. ఇంగ్లీషువారు ఈ యాచారమును తొలగింపక, చెన్నపట్టణపు రాజధానిలో 1895వ సంవత్సరపు చట్టముతో దానికి ముద్రవేసిరి. గ్రామములను గలిపినను విడదీసినను, క్రొత్త యుద్యోగములకు పాత యుద్యోగస్థుల కుటుంబములనుండియే మనుష్యుల నెన్నుకొనవలెనని ఆ చట్టము నిర్ణయించెను.

రాజ్యాంగము వచ్చిన పిదప ఈ న్యాయమునకు పరీక్ష మన యాంధ్రదేశమునందే జరిగెను. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో ఒక గ్రామమును రెండుగా విభజించినప్పుడు క్రొత్త గ్రామమునకు మునసబు కావలసివచ్చెను. పాత మునసబు కుమారుడు వంశక్రమమున ఆ యుద్యోగము తనదనెను. మఱొక దరఖాస్తుదారుడు రాజ్యాంగపు 16వ అధికరణమును చేతబట్టి సుప్రీంకోర్టు నాశ్రయించెను. మునసబీయు ప్రభుత్వోద్యోగమే, వంశమును బట్టి ఒకరిని జేర్చుకొని యింకొకరిని త్రోసివేయుట చెల్లదు అని 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము తీర్పుచెప్పెను. వేలయేండ్ల అధికారసిద్ధాంతము ఒక గ్రామ మునసబీ తగవులో ఆ దినమున తలక్రిందయ్యెను. తరువాత 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ గ్రామోద్యోగముల వ్యవస్థనే రద్దుచేసెను. రాజ్యాంగములోని ప్రకరణమునకు మనవారు “అధికరణము” అను మీమాంసాపదమునే వాడుచున్నారు. పద మదియే, సిద్ధాంతము మాత్రము నాడు త్రోసిపుచ్చబడిన బాదరి పక్షమునకు చేరువైనది.

హక్కులు లేని కాలము

హక్కుల విలువ అవి లేని కాలమును దలచుకొన్నగాని తెలియదు. 1919లో రౌలటుచట్టము విచారణ లేకయే మనుష్యులను నిర్బంధించు నధికారమును ప్రభుత్వమున కొసగెను. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వచట్టము విపులమైనదే యయ్యును, అందు ప్రజలకు హక్కుల ప్రకటన లేదు. అట్టి ప్రకటనను చేర్చుటకు బ్రిటిషు పార్లమెంటు ఒప్పుకొనలేదు.

నిజాము రాజ్యమునందలి తెలుగువారి స్థితి ఇంకను కష్టము. సభ జరుపుటకు ముందుగ సర్కారు అనుమతి కావలెనని గస్తీనిషాన్ 53 అను ఉత్తరువు శాసించెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప బూనగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. గ్రంథాలయముల పేర, విద్య పేర జనులను సమీకరించిన ఆ సంఘములు ఎన్ని అడ్డంకులను దాటవలసివచ్చెనో తెలంగాణపు పెద్దలకు విదితమే. పల్లెలలో వృత్తులవారు దొరలకును అధికారులకును కూలిలేని వెట్టి చేయవలసియుండెను. ఈ దినము మన మహాసభ పందిరివేసి, పతాకమెత్తి, తీర్మానములు చేయుచున్నది. దీనికి ఎవరి దయయు కారణము గాదు. 19వ అధికరణము కారణము.

ఈ హక్కులు ఒక్క దినమున సిద్ధించినవి గావు. 1928లో మోతీలాలు నెహ్రూగారి యాధ్వర్యమున సిద్ధమైన నివేదిక హక్కుల పట్టిక నొకదానిని గూర్చెను. 1931 మార్చిలో వల్లభభాయి పటేలుగారి యధ్యక్షతను గరాచీలో జరిగిన కాంగ్రెసు మహాసభ స్వరాజ్యమున ప్రతి పౌరునకు నుండవలసిన హక్కులను తీర్మానించెను. 1946 డిసెంబరు 9వ తేదీన రాజ్యాంగసభ మొదటిసారి సమావేశమయ్యెను. హక్కుల విషయమై యేర్పడిన సలహాసంఘమునకు పటేలుగారే యధ్యక్షులు. ప్రాథమికహక్కుల యుపసంఘమునకు ఆచార్య కృపలానీగారు అధ్యక్షులు. డాక్టరు అంబేద్కరుగారి యధ్యక్షతను బనిచేసిన ముసాయిదాసంఘములో నెల్లూరుజిల్లా పూదూరున జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు సభ్యులు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు, పట్టాభి సీతారామయ్యగారు, ఆచార్య రంగాగారు, దుర్గాబాయమ్మగారు రాజ్యాంగసభలో కూర్చుండిరి.

మా వ్యాసమునకు జీవమైన మాట 1948 నవంబరు 4వ తేదీన ఆ సభలో వినబడెను. ప్రాచీన గ్రామపంచాయతీలను రాజ్యమునకు పునాదిగా చేయలేదేమని కొందఱు ఆక్షేపింపగా, అంబేద్కరుగారు గ్రామమును విడనాడి వ్యక్తినే ప్రమాణముగా గైకొన్నందులకు తాము సంతోషించుచున్నామని స్పష్టముగా జెప్పిరి. గ్రామము, కులము, వంశము అనువాని మధ్య నలిగిన మనుష్యుని వెలికిదీసి, రాజ్యము ఎదుట ఒంటరిగ నిలిచినను న్యాయము పొందగల పౌరునిగ జేయుట ఆ మాటకు భావము. అదే సంవత్సరము నవంబరు 29వ తేదీన అస్పృశ్యతానిర్మూలన ప్రకరణమును సభ యంగీకరించెను. డిసెంబరు 9వ తేదీన, హక్కు భంగమైనచో నేరుగ సుప్రీంకోర్టును జేరుటకు వీలిచ్చు ప్రకరణము చర్చకు రాగా, అంబేద్కరుగారు దానిని రాజ్యాంగమునకు ఆత్మయు హృదయము ననిరి. అదియే నేటి 32వ అధికరణము.

వంతు వేఱు, హక్కు వేఱు

రాజ్యాంగము అమలునకు వచ్చిన మఱునాటినుండియే కులమునకును వ్యక్తికిని నడుమ పరీక్ష మొదలయ్యెను. అదియు మనము అప్పుడుండిన చెన్నరాష్ట్రముననే.

1920 ప్రాంతములనుండి ఆ రాజధానిలో ఉద్యోగములను కులములవారీగా పంచు ఉత్తరువులు గలవు. స్వాతంత్ర్యానంతరము వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 స్థానములకు ఈ విధముగ వంతులుండెను: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును దేశీయక్రైస్తవులకును గలిపి 1, ముసల్మానులకు 1. తెలుగుజిల్లాల విద్యార్థులకును ఇదే లెక్క. ఇద్దఱు అభ్యర్థులు దీనిపై వ్యాజ్యము వేసిరి. ప్రభుత్వవిద్యాసంస్థలో కులమను కారణముచేతనే ఏ పౌరునకు ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము శాసించుచున్నదని హైకోర్టును, 1951 ఏప్రిలు 9వ తేదీన సుప్రీంకోర్టును ఆ యుత్తరువును కొట్టివేసెను. చంపకం దొరైరాజన్ వ్యాజ్యమని దీనికి ప్రసిద్ధి.

దీనికి దేశమున గలిగిన యలజడి చిన్నది గాదు. తరతరములుగ చదువునకు దూరమైనవారిని బడివాకిట నిలిపి “ఇక నందఱు సమానులే” యనుట న్యాయమా యను ప్రశ్న లేచెను. ఆ ప్రశ్న సహేతుకము. కావుననే పార్లమెంటు 1951 జూన్‌లో మొదటి సవరణము చేసి, సాంఘికముగను విద్యావిషయమునను వెనుకబడిన తరగతుల పౌరులకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును ప్రత్యేకమైన ఏర్పాట్లు చేయవచ్చునని 15వ అధికరణములో నాలుగవ ఖండమును జేర్చెను.

ఇచ్చట భేదమును గమనింపవలయును. పాత యుత్తరువు కులములన్నిటికి వంతులు పంచినది. అది పంపిణీ. క్రొత్త ఖండము వెనుకబాటుతనమును దొలగించుటకు చేయూత. మొదటిదానిలో “నీవు ఏ కులమువాడవు?” అను ప్రశ్నతో మాట ముగియును. రెండవదానిలో “నీకు ఏమి లోపించినది, ఏల లోపించినది?” అను ప్రశ్నకు ప్రభుత్వము ప్రత్యుత్తర మీయవలయును. అట్టి యేర్పాటు సమానత్వమునకు వెలి గాదు, దానిని సాధించు మార్గమే యని 1975లో కేరళకు సంబంధించిన యొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను.

ఈ భేదము మన రాష్ట్రమున వెంటనే ఫలితములు చూపెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించిన వెనుకబడిన తరగతుల జాబితాను, వెనుకబాటుతనమునకు తగిన యాధారములు చూపలేదని 1968లో సుప్రీంకోర్టు త్రోసివేసెను. పిదప అనంతరామన్ సంఘము జిల్లాలు తిరిగి, వృత్తి, విద్య, నివాసము మొదలగు స్థితిగతులను విచారించి 1970లో నివేదిక నొసగెను. దాని ననుసరించిన జాబితాను 1972లో అదే న్యాయస్థానము నిలిపెను. జాబితా రెండుమాఱులును జాబితాయే. రెండవసారి దానికి ఆధారము తోడయ్యెను. 1992లో మండలు వ్యాజ్యమున, వెనుకబడిన తరగతులలో నైనను సంపన్నశ్రేణి వారిని వేఱుపఱుపవలెననియు, సామాన్యముగ రిజర్వేషనులు సగమునకు మించరాదనియు తీర్పు వచ్చెను. షెడ్యూల్డు కులములలో ఉపవర్గీకరణమునకై మన శాసనసభ 2000లో చేసిన చట్టమును 2004లో సుప్రీంకోర్టు చెల్లదనెను. కాని 2024 ఆగస్టు 1వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పాత తీర్పును మార్చి, అట్టి వర్గీకరణము చేయవచ్చునని యధికసంఖ్యతో నిర్ణయించెను. ఇన్ని తీర్పులలోను నడచిన సూత్ర మొక్కటియే: కులమను పెద్ద గుడారములో ఎవరు ముందువరుసలో కూర్చుండిరి, ఎవరు వెలుపల నిలిచిరి అని రాజ్యము చూడవలెను. అనగా, మరల వ్యక్తికడకే రావలెను.

హక్కుల స్వరూపము

ఇక మనవారు ప్రతియొక్కరును తెలిసికొనవలసిన హక్కులను సులభముగ జెప్పెదము. చట్టము ముందు అందఱు సమానులు (14). మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత రాజ్యము వివక్ష చూపరాదు. అంగళ్లు, హోటళ్లు, బావులు, చెఱువులు, స్నానఘట్టముల విషయమై తోడి పౌరులును ఈ కారణములచేత ఎవరిని అడ్డగింపరాదు (15). అస్పృశ్యత రద్దయినది, దానిని పాటించుట నేరము (17). మాటాడుట, సభచేరుట, సంఘము గట్టుట, దేశమున తిరుగుట, నివసించుట, వృత్తి చేయుట పౌరుల స్వేచ్ఛలు (19). ప్రాణమునకును స్వేచ్ఛకును రక్షణ గలదు (21). వెట్టి నిషిద్ధము (23). మనస్సాక్షికిని మతాచరణమునకును స్వేచ్ఛ గలదు (25). వీనిలో కొన్ని పౌరులకే చెందును. సమానత్వము, ప్రాణరక్షణ మొదలగునవి ఈ నేలపై నున్న ప్రతి మనుష్యునకును చెందును.

మతశాఖలకును, భాషాసంస్కృతులు గల వర్గములకును, అల్పసంఖ్యాకులకును సమూహముగ గొన్ని హక్కులు గలవు (26, 29, 30). వానిని మఱువరాదు. కాని కులము తన సభ్యులపై అధికారము చెలాయించుటకు వీలిచ్చు నధికరణ మొక్కటియు లేదు.

ఒకమాట ప్రత్యేకముగ జెప్పవలయును. భూములుగల మనవారిలో ఆస్తిహక్కు ప్రాథమికహక్కే యను నమ్మకము ఇంకను గలదు. 1978వ సంవత్సరపు 44వ సవరణముతో అది ఆ జాబితానుండి తొలగెను. 1979 జూన్ మొదలు అది 300ఏ అధికరణము క్రింద రాజ్యాంగపు హక్కుగ మాత్రము నిలిచియున్నది.

విద్య విషయము మా వృత్తికి సంబంధించినది గాన దానినిగూర్చి రెండు మాటలు. 1993లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము కక్షిగా నుండిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, 14 యేండ్లలోపు బాలబాలికలకు చదువు ప్రాణస్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు పలికెను. 2002లో 86వ సవరణము 6 మొదలు 14 యేండ్ల వఱకు ఉచిత నిర్బంధవిద్యను 21ఏ అధికరణముగ జేర్చెను. తదనుగుణమైన చట్టము 2010 ఏప్రిలు 1 మొదలు అమలులో నున్నది. కావున పొలము పనికి, దుకాణపు పనికి పిల్లను నిలిపివేసిన తండ్రి తన కుటుంబవిషయమును నిర్ణయించుకొనుట లేదు. బిడ్డ హక్కును హరించుచున్నాడు.

అరెస్టయినవానికి కారణము దెలుపవలెను. న్యాయవాదిని సంప్రదింప నీయవలెను. ప్రయాణకాలమును మినహాయించి 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను (22). నిర్బంధమున నున్నవారికిని, స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములు తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచితన్యాయసహాయము లభించును. జిల్లాకోర్టులోని న్యాయసేవాధికారసంస్థ కడకు పోయి దరఖాస్తు పెట్టుకొన్న చాలును. ఈ చిన్న సంగతి తెలియక అప్పులపాలైన కుటుంబములు మన గ్రామములలో లేకపోలేదు.

పరీక్షాకాలము

హక్కులు కాగితముపై నున్నంతమాత్రమున రక్షణ కలుగదు. 1975 జూన్ 25 మొదలు 1977 మార్చి వఱకు నడచిన యత్యవసరపరిస్థితిలో వేలమంది విచారణ లేక చెఱసాలల నుండిరి. 1976 ఏప్రిలులో, ఆ కాలమున నిర్బంధమును ప్రశ్నించుచు న్యాయస్థానమునకు వచ్చు నధికారము లేదని సుప్రీంకోర్టు నలుగురి మతముచే జెప్పగా, హెచ్. ఆర్. ఖన్నాగా రొక్కరు విభేదించిరి. పిమ్మట 44వ సవరణము 20, 21 అధికరణములను అత్యవసరపరిస్థితిలోను నిలిపివేయరాదని శాసించెను. 2017లో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును త్రోసివేసెను.

ఆ 2017 తీర్పులో తెలుగువారు గర్వింపదగిన సంగతి గలదు. రాజమహేంద్రవరమున జన్మించి భారతప్రధానన్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావుగారు 1962లో ఒక పోలీసునిఘా వ్యాజ్యమున, మనుష్యుని ఏకాంతజీవనము అతని స్వేచ్ఛలో భాగమని అల్పసంఖ్యలో నిలిచి తీర్పువ్రాసిరి. అధికసంఖ్యాకులు దానిని గైకొనలేదు. 55 యేండ్లకు పిదప, 2017 ఆగస్టు 24వ తేదీన, తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఏకాంతహక్కును ప్రాథమికహక్కుగ నంగీకరించి, సుబ్బారావుగారి పక్షమే సరియైనదని నిర్ణయించిరి. ఒక్కని మాటకు సంఖ్యాబలము లేదని దానిని తృణీకరింపరాదనుటకు ఇంతకు మించిన నిదర్శన మేల?

సంఘమున కెదురుగ వ్యక్తి

ఇంతవఱకు చెప్పినది రాజ్యమున కెదురుగ వ్యక్తికి గల రక్షణ. ఇక మనస్సునకు కష్టమైనను చెప్పక తీఱని సంగతి యొకటి కలదు. మన గ్రామములలో మనుష్యుని హక్కును హరించునది సర్కారు ఒక్కటియే గాదు, కులమును హరించును. హోటలులో రెండు గ్లాసుల పద్ధతిని నడపినది ఏ ప్రభుత్వోత్తరువు? పెద్దలమాట వినలేదని ఒక కుటుంబమునకు నిప్పు, నీరు, చాకలి, మంగలి నిలుపుదలచేసి వెలివేసినది ఏ చట్టము? 1985 జూలై 17వ తేదీన నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో మంచినీటి చెఱువుకడ మొదలైన తగవు దళితుల హత్యాకాండగ ముగిసెను. 1991 ఆగస్టు 6వ తేదీన గుంటూరుజిల్లా చుండూరులో మరల నట్టిదే జరిగెను. ఈ రెంటికి నడుమనే 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధకచట్టము వచ్చెను. సంఘబలము ధర్మమును విడిచినచో నెంతటి దారుణమునకు దిగునో ఈ తేదీలు చెప్పుచున్నవి. ఏ కులసంఘమును, మనదైనను సరే, ఈ తేదీలను తన చరిత్రసంచికలో దాచిపెట్టరాదు.

వివాహవిషయ మింకను సున్నితమైనది. వయస్సు వచ్చిన యువతీయువకులు తమ యిష్టమున వివాహమాడినప్పుడు కుటుంబముయొక్క గాని, కులముయొక్క గాని సమ్మతి అవసరము లేదనియు, దానిని అడ్డుకొనుటకు పెద్దలు సభగూడుట చట్టవిరుద్ధమనియు 2018 మార్చి 27వ తేదీన సుప్రీంకోర్టు చెప్పెను. మనలో ననేకులకు ఇది రుచింపకపోవచ్చును. బిడ్డల వివాహము తల్లిదండ్రుల యాశీస్సుతో జరుగవలెనని మేమును గోరుదుము. కాని కోరుట వేఱు, నిర్బంధించుట వేఱు. ఆశీర్వాదము ఈయకుండుట మన స్వేచ్ఛ. ప్రాణమానములకు భంగము గలిగించుట నేరము. ఈ హద్దును మన మహాసభవేదికపై బహిరంగముగ జెప్పుట పెద్దలకు తలవంపు గాదు.

ఆడుబిడ్డల పాలును ఇట్టిదే. ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము నొసగు సవరణమును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 మొదలు అమలుచేసెను. దేశమంతటికి అది వచ్చినది 2005లో. మన రాష్ట్రము ఇరువదియేండ్లు ముందు నడచినది. మన యిండ్లు ఆ చట్టము వెంట నడచినవా యని ప్రతి గృహస్థుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలయును. పసుపుకుంకుమల పేర కొంత యిచ్చి, కాగితముపై విడుదల సంతకము చేయించుకొనుట ఎంతమాత్రము న్యాయము గాదు.

ఇచ్చట కొందఱు పూర్వపక్షము చేయవచ్చును: “హక్కులన్నియు వ్యక్తివైనచో కులసంఘ మెందులకు?” దీనికి సమాధానము. సంఘము గట్టుట పౌరుని హక్కు. పదిమంది పౌరులు తమ యిచ్చవచ్చి చేరినందున సంఘము పుట్టినది. మూలము చేరినవారి స్వేచ్ఛ. సంఘము దాని కొమ్మ. కొమ్మ వేరును నఱకబూనినచో చెట్టుతోపాటు తానును గూలును. మఱియు ఒంటరివాడు తన హక్కును నిలుపుకొనుట కష్టము. కోర్టుఖర్చు, కాలయాపనము, బలవంతుల బెదరింపు – వీనికి ఎదురు నిలుచుటకు తోడు కావలెను. ఆ తోడే సంఘధర్మము. మన పూర్వులు పట్టణములలో విద్యార్థివసతిగృహములు గట్టి, పల్లెపిల్లలకు అన్నముపెట్టి చదివించినప్పుడు చేసిన పని యిదియే. సంఘము హక్కునకు కాపరిగ నుండవలెను గాని యజమానిగ నుండరాదు.

మన కర్తవ్యము

కావున పోషకులకును సభ్యులకును మా మనవి. మన వసతిగృహములలోను, కల్యాణమండపములలోను తెలుగు రాజ్యాంగప్రతి యొకటి చదువుటకు వీలుగ నుంచవలెను. అద్దాలబీరువాలో దాచుట కాదు. మన కులములోని న్యాయవాదులు మాసమునకొక దినము కేటాయించి, కులభేదము చూడక వచ్చినవారికెల్ల న్యాయసేవాధికారసంస్థకు దరఖాస్తులు వ్రాసిపెట్టవలెను. విద్యార్థివేతనముల పంపకములో చదువు నిలిపివేసిన బాలికలకు మొదటిస్థాన మీయవలెను. వెలివేయుటకు, జరిమానా విధించుటకు, వివాహములను అడ్డుటకు ఏ గ్రామశాఖయు తీర్మానము చేయరాదని మహాసభ తన నిబంధనావళిలో వ్రాసికొనవలెను. ఈ నాలుగవది మిక్కిలి ముఖ్యము. తక్కిన మూడింటికి ధనము కావలెను. దీనికి ధైర్యము మాత్రము చాలును.

ప్రభుత్వముకడ మన న్యాయమైన కోరికలను విన్నవించుట మానవలసిన పనిలేదు. వెనుకబడినవారికి చేయూత కావలెను, అది రాజ్యాంగసమ్మతము. కాని మహజరు చేతబట్టుకొని సచివాలయపు మెట్లెక్కునప్పుడు, మన యూరిలో మనకంటె బలహీనుని హక్కును మనము మన్నించితిమా యని తలచుకొనవలెను. ఇతరునకు లేదన్న హక్కు మనకు మాత్ర మెట్లు నిలుచును?

బాదరి మతము శాస్త్రగ్రంథములలో పూర్వపక్షముగ మిగిలిపోయెను. అందఱికి అధికారము గలదను మాటను నేడు రాజ్యాంగము సిద్ధాంతముగ స్వీకరించినది. దానిని ఆచరణమున మరల పూర్వపక్షముగ చేయకుండుట మన చేతులలో నున్నది. మహాసభ జయప్రదమగుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.